మగ్గం గుంట పక్కనుంచి లైవ్: నా అనుభవం

యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే ఛానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మేము నేసిన చీరలు అమ్ముకోవడానికి పెట్టిన మా ఛానల్‌కు ఆ 50 మందిని కూడగట్టడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మా ఆయన స్నేహితులు, నా డిగ్రీ క్లాస్‌మేట్లు, అత్తమ్మ తరఫు చుట్టాలు, మా బాబు స్కూల్ వ్యాన్ నడిపే అన్న, ఇలా ఒక్కొక్కరినీ అడిగి అడిగి చేర్పించాం. అంకె 50 దాటాక లైవ్ బటన్ నొక్కితే, అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చని చూపించింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. 2022 ఆగస్టు సంగతి ఇది.

మాది భూదాన్ పోచంపల్లి దగ్గరి పల్లె. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవి. మామయ్య నలభై ఏళ్లుగా పట్టు ఇక్కత్ (పోగుకు ముందే డిజైన్ ప్రకారం రంగులు అద్ది నేసేది) నేస్తున్నారు. అన్నేళ్లూ పట్టు మాది కాదు, డిజైన్ మాది కాదు. మాస్టర్ వీవర్ రెండూ ఇస్తాడు, చీర దించి అప్పజెప్పితే కూలి ఇస్తాడు. ఆ చీర హైదరాబాదులో ఏ షోరూముకు పోయిందో, ఎవరు కట్టుకున్నారో, ఎంతకు కొన్నారో మాకు తెలిసేది కాదు. దాని మీద షోరూము పేరు ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గం మీదున్న వార్పు (నిలువు పోగులు) అయిపోయింది, కొత్త వార్పు రాలేదు. నాలుగు నెలలు మగ్గం చప్పుడు లేని ఇంట్లో ఉండడం నా పెళ్లయ్యాక అదే మొదలు. చివరికి నా గాజులు తాకట్టు పెట్టి సొంతంగా పట్టు కొన్నాం. ఏడు చీరలు దిగాయి. మా ఇంటిపేరునే లేబుల్‌గా కుట్టించి, వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు పెట్టాం. ఆ ఏడూ అమ్ముడుపోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

లైవ్ ఆలోచన నాది కాదు, విజయవాడ నుంచి ఒక మేడమ్ అడిగిన ప్రశ్నది. ఫోటో చూసి ఆమె మెసేజ్ పెట్టారు: "ఇది నేతా, ప్రింటా? ఫోటోలో ఎలా తెలుస్తుందమ్మా?" నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఫోటోలో తెలియదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అదే డిజైన్ ప్రింటు కొట్టి, పోచంపల్లి అని పేరు పెట్టి, మా చీర ధరలో నాలుగో వంతుకు అమ్మేవాళ్లు ఉన్నారు. ఫోటోలో రెండూ పక్కపక్కన పెడితే ప్రింటు చీరే అందంగా కనిపిస్తుంది. దాని గీతలు తీర్చినట్టు ఉంటాయి. మా గీతల అంచులు కొంచెం చెదిరి, కుంచెతో అద్దినట్టు ఉంటాయి. కట్టి రంగు అద్దిన పోగును మగ్గం మీద వరసగా కూర్చినప్పుడు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగక మానదు.

మొదటి లైవ్‌లో నేను చీరలు చూపించలేదు. వార్పు చివర మిగిలిన జానెడు ముక్క ఒకటి చేతిలో పట్టుకున్నాను. ముందు వెనకా తిప్పి చూపించాను, రెండు వైపులా ఒకే డిజైన్, ఒకే రంగు. తర్వాత గోరుతో ఒక పేక పోగును (అడ్డపోగును) మెల్లగా బయటికి లాగి, తెల్ల కాగితం మీద పరిచి, ఫోన్ దగ్గరికి తెచ్చాను. ఒక్క పోగు. దాని మీద కొంత ఎరుపు, కొంత తెలుపు, మళ్లీ ఎరుపు, చివరన నలుపు. అప్పుడు పక్కనే ఒక ప్రింటు ముక్క నుంచి పోగు లాగాను. దాని మీద రంగు ఒకవైపే ఉంది, ఇంకో పోగు అడ్డం పడిన ప్రతిచోటా తెల్ల చుక్కలు. "రంగు ముందు, నేత తర్వాత అయితే ఇలా ఉంటుంది. నేత ముందు, రంగు తర్వాత అయితే అలా ఉంటుంది" అన్నాను. చూస్తున్నది పదకొండు మంది, వాళ్లలో నలుగురు మా చుట్టాలే. విజయవాడ మేడమ్ కూడా ఉన్నారు. కామెంట్‌లో ఒక్క మాట రాశారు: "అర్థమైంది." ఆ వారంలోనే చీర తీసుకున్నారు.

ఆ లైవ్ తొమ్మిదో నిమిషంలో నాకు ఫోన్ వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత నుంచి లైవ్ ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రమే ఆన్ చేస్తాను. నెట్ విషయంలో కూడా మేము మొదట పొరపాటు పడ్డాం. స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె చూసి ధైర్యంగా ఉన్నాం, కానీ అది డౌన్‌లోడ్ అంకె. లైవ్‌కు కావలసింది అప్‌లోడ్, అంటే మన ఫోన్ నుంచి బయటికి వెళ్లే వేగం. 720పీ బొమ్మ ఆగకుండా వెళ్లాలంటే నాలుగు ఎంబీపీఎస్ చుట్టుపక్కల నిలకడగా ఉండాలి. సాయంత్రం అయితే ఊరంతా ఫోన్లు పట్టుకుంటారు, మొబైల్ నెట్‌లో మాకు ఒకటి కూడా వచ్చేది కాదు. చూసేవాళ్లకు నా మొహం గడులు గడులుగా కనిపించేది. ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాకే ఆ బాధ తప్పింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లైట్లకూ స్టాండ్లకూ ఖర్చు పెట్టేముందు ఈ ఒక్కటి చూసుకోవాలని నేను అందరికీ చెప్తాను. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, ఆగి ఆగి వస్తే మాత్రం వెళ్లిపోతారు. మాట వినపడకపోతే ఇంకా తొందరగా వెళ్లిపోతారు. మగ్గంలో అడ్డపోగుతో అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడులో నా గొంతు కలిసిపోయేది. అందుకని చీర కొంగుకు తగిలించే చిన్న మైకు కొన్నాం. ఇంకోసారి వీధి చివర ఫంక్షన్‌లో పెట్టిన సినిమా పాట మా లైవ్‌లోకి వచ్చి, మర్నాడు ఆ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఇప్పుడు లైవ్‌కు ముందు మా ఆయన వీధిలో ఒకసారి చూసి వస్తారు.

ఇవన్నీ సర్దుకునేవే. మమ్మల్ని నిజంగా కుంగదీసింది రంగు.

మూడో నెలలో రాజమండ్రి నుంచి ఒక ఆవిడ తన కూతురి నిశ్చితార్థానికని ఒక చీర తీసుకున్నారు. లైవ్‌లో అది పండు మిరపకాయ ఎరుపులో కనిపించింది. ఇంటికి చేరాక చూస్తే వక్క రంగు. అసలు రంగు వక్క రంగే. ఒకవైపు ట్యూబ్‌లైటు, ఇంకోవైపు కిటికీ వెలుగు. ఫోన్ కెమెరా ఆ రెండింటి మధ్య తనంతట తాను లెక్క వేసుకుని రంగు మార్చేసింది. పట్టుకు మెరుపు ఉంటుంది కాబట్టి ఆ తేడా ఇంకా ఎక్కువైంది. ఆవిడ తిట్టలేదు. "నేను మీ మాట నమ్మి తీసుకున్నానమ్మా" అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. డబ్బు తిరిగి పంపాం, రానూపోనూ పార్సిల్ ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఆ రోజు నేను లైవ్ మానేద్దామన్నాను.

మానలేదు, పద్ధతి మార్చాం. గదిలోంచి బయటికి వచ్చి, ఉత్తరం వైపు తెరిచి ఉన్న వసారాలో పొద్దుటి వెలుగులోనే లైవ్ పెడుతున్నాం. అక్కడ ఎండ నేరుగా పడదు, దీపం అవసరం లేదు. ప్రతి చీర పక్కన మామయ్య ఉతికిన తెల్ల పంచె ఒకటి వేస్తాను. చూసేవాళ్లకు ఆ పంచె తెల్లగా కనిపిస్తే చీర రంగు కూడా సరిగ్గా కనిపిస్తున్నట్టు, పసుపుగానో నీలంగానో కనిపిస్తే రంగు తప్పుతున్నట్టు. ఈ కిటుకు మా ఊళ్లో అద్దకం చేసే పెద్దాయన చెప్పారు. రంగుల పేర్లు కూడా మార్చాను. మెరూన్, పీచ్, టీల్ అనడం మానేశాను. వంకాయ రంగు, గంధం రంగు, నెమలి కంఠం, ఆవపువ్వు, వక్క రంగు అంటాను. మెరూన్ అంటే పదిమంది పది రకాలుగా అనుకుంటారు, వంకాయ అందరి వంటింట్లోనూ ఒకటే. రంగు తేడా అని చీర వెనక్కి రావడం ఆ తర్వాత చాలా తగ్గింది.

నా మాట కూడా అప్పుడే మారింది. మొదట్లో టీవీ యాంకర్లలా "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్" అని గుక్క తిప్పుకోకుండా మాట్లాడేదాన్ని. ఒక అక్క కామెంట్ పెట్టింది: "నువ్వు మీ అత్తమ్మతో మాట్లాడినట్టు మాతో మాట్లాడు." అప్పటి నుంచి మా ఇంటి మాటే. అది విని కోస్తా నుంచి, రాయలసీమ నుంచి చూసేవాళ్లు మాటల అర్థాలు అడుగుతారు. ఆ అడగడంలోనే పరిచయం పెరుగుతుంది.

అత్తమ్మను లైవ్‌లోకి తేవడానికి చాలా రోజులు పట్టింది. ఆమె పని ఆసు. అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన మేకులకు, ఎదురుగా ఉన్న మేకుకు మధ్య పోగును తీసుకుపోయి తిరిగి తేవడం. ఒక్క చీరకు చెయ్యి అలా వేల సార్లు తిరగాలి. "పొద్దుగాల కూసుంటే పొద్దుగూకేదాక చెయ్యి ఆగేది కాదు బిడ్డా. రెక్క గుంజేది, రాత్రి ఒత్తిగిల్లనిచ్చేది కాదు" అని ఆమె నెమ్మదిగా చెప్తుంటే, కామెంట్లు కాసేపు ఆగిపోయాయి. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారు ఇదే బాధ తన తల్లి లక్ష్మి గారిలో చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఆ తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం ఆలస్యంగా వచ్చింది, అప్పటికే అత్తమ్మ భుజం అరిగింది. ఆ లైవ్‌లో నేను ఒక్క చీర కూడా చూపించలేదు, నంబరు కూడా చెప్పలేదు. మరో వారం మామయ్య చిటికి కట్టడం చూపించారు. గుర్తు పెట్టిన చోట సైకిల్ ట్యూబు రబ్బరును సన్నటి పట్టీలుగా కోసి పోగుల గుత్తికి బిగించి చుడతారు. రంగులో ముంచినా అక్కడికి రంగు చేరదు, విప్పితే లోపలి రంగు అలాగే ఉంటుంది. నలభై నిమిషాలు ఆయన చేతులు తప్ప ఏమీ లేవు. మధ్యలో ఒకసారి తలెత్తి, "ఏం బిడ్డా, గీ డబ్బాల ఎవలన్న చూస్తున్నరా?" అని అడిగారు. అప్పటికి రెండు వందల మందికి పైగా చూస్తున్నారు.

ఈ రెండు వీడియోలనే ఇప్పటికీ ఎక్కువమంది చూస్తున్నారు. కొత్తగా మెసేజ్ పెట్టే ప్రతి ముగ్గురిలో ఒకరు "మీ అత్తమ్మ వీడియో చూశాను" అనే మొదలుపెడతారు. ధర గురించి వాదన కూడా ఆ తర్వాతే తగ్గింది. "బయట రెండు వేలకు దొరుకుతుంటే మీరు ఎనిమిది వేలా?" అని అడిగేవాళ్లకు నేను లెక్క చెప్పేదాన్ని: పట్టు, రంగు, ఆసు, చిటికి, అచ్చు అతకడం (కొత్త వార్పు పోగులను మగ్గం మీది పాత పోగులకు కలపడం), అడ్డపోగును కండెలకు చుట్టడం, ఆపైన మగ్గం మీద చీరకు నాలుగైదు రోజులు. లెక్క విని నమ్మినవాళ్లు తక్కువ. చేతులు చూశాక అడిగినవాళ్లు తక్కువ.

మధ్యలో ఒక తప్పు చేశాం. ఒక పెద్ద ఛానల్ వాళ్లు, చాలామంది ఫాలోవర్లు ఉన్నవాళ్లు, డబ్బు తీసుకుని మా చీరలు లైవ్‌లో చూపిస్తామన్నారు. మాకు అది పెద్ద మొత్తమే, అయినా ఇచ్చాం. పద్దెనిమిది చీరలు పంపాం. ఆ రోజు వాళ్లు గంటలో అరవై చీరలు చూపించారు. మా చీరలు మధ్యలో వచ్చాయి. "పోచంపల్లి పట్టు, ఆఫర్ ధర, సింగిల్ పీస్, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి." ఒక్కో చీరకు నిమిషం కూడా లేదు. మా పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు. చీరలు అమ్ముడుపోయాయి, డబ్బు వచ్చింది. కానీ ఆ పద్దెనిమిది ఇళ్లలో ఏ ఒక్కరికీ మేమెవరో తెలియదు. రెండోసారి కొనడానికి ఏ ఒక్కరూ మా దగ్గరికి రాలేదు. మాస్టర్ వీవర్‌కు నేసిన రోజులకూ దీనికీ తేడా ఏముందని మామయ్య అడిగారు. ఆయన అడిగింది సబబే. అమ్మకం వేరు, పేరు నిలబడడం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరైనా కలిసి లైవ్ చేద్దామంటే నాది ఒక్కటే షరతు: మా ఇంటికి వచ్చి, మగ్గం దగ్గర నిలబడి చెయ్యాలి. ఇద్దరే ఒప్పుకున్నారు, ఆ ఇద్దరి వల్లా మాకు మంచే జరిగింది.

బుకింగ్ గొడవలు కూడా చూశాం. మేము మాట్లాడిన మాట చూసేవాళ్లకు కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఒకరికి ఐదు సెకన్లయితే ఇంకొకరికి ఇరవై. ఒకే చీర కోసం ఇద్దరు "బుక్డ్" అని కామెంట్ పెట్టినప్పుడు ఎవరు ముందో చెప్పలేం. అందుకని కామెంట్ లెక్కలోకి తీసుకోం, వాట్సాప్‌కు ముందు చేరిన స్క్రీన్‌షాటే లెక్క అని ప్రతి లైవ్ మొదట్లో చెప్తాను. చీర నంబరు పక్కనున్న పలక మీద రాస్తాం. పట్టుకు పిన్ను గుచ్చం. మా ఆడపడుచు రెండో ఫోన్‌లో కామెంట్లు చూసుకుంటుంది. ఆడవాళ్లు లైవ్‌లో కూర్చుంటే వచ్చే కొన్ని రాతల గురించి నేను ఇక్కడ రాయను. వాటిలో పదేపదే వచ్చే మాటలను యూట్యూబ్ స్టూడియోలో నిషిద్ధ పదాల జాబితాలో పెట్టేశాం, మిగతావి తను తీసేస్తుంది, మనుషులను బ్లాక్ చేస్తుంది. పక్కన ఇంకొక మనిషి లేకుండా ఏ ఆడపిల్లా ఒంటరిగా లైవ్‌కు కూర్చోవద్దని నా మాట.

ఆ ఆడపడుచే ఇంకో పాఠం కూడా నేర్పింది. తనకు టిక్‌టాక్‌లో వేలమంది ఉండేవారు. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించింది, ఒక్క రాత్రిలో అందరూ పోయారు. ఫేస్‌బుక్ 2022 అక్టోబరులో, ఇన్‌స్టాగ్రామ్ 2023 మార్చిలో తమ లైవ్ షాపింగ్ సదుపాయాలు ఆపేశాయని చదివినప్పుడు తను "చూశావా వదినా" అంది. అందుకే కొన్నవాళ్ల పేరు, ఊరు, ఏ చీర, ఏ రంగు, ఏ సందర్భం అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాం. వాళ్లు ఒప్పుకుంటేనే వాట్సాప్ జాబితాలో చేరుస్తాం. యాప్ ఉన్నా లేకపోయినా ఆ పుస్తకం మాది.

వేళ కుదుర్చుకోవడానికి ఏడాది పట్టింది. గురువారం పదకొండుకు పెడితే ఉద్యోగాలు చేసేవాళ్లు చూడలేకపోయారు. రాత్రి ఎనిమిదికి వెలుగు లేదు. ఒకసారి డల్లాస్ నుంచి ఒక చెల్లెలు, "అక్కా, ఆదివారం మీకు పొద్దున ఎనిమిదైతే మాకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, పిల్లలు పడుకుని ఉంటారు" అంది. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపితే ఎనిమిదిన్నర అవుతుంది. మా వసారాలో ఎనిమిదికి వెలుగు చక్కగా ఉంటుంది. అప్పటి నుంచి ఆదివారం ఎనిమిది. మా ఇంట్లో జ్వరం వచ్చినా, పండుగ వచ్చినా ఆ వేళ తప్పలేదు. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడు మాత్రం వారం ఏదైనా పొద్దున్నుంచి సాయంత్రం వరకు మగ్గం ముందు ఫోన్ పెట్టి వదిలేస్తాం. అమ్మకం ఉండదు, మామయ్య నేస్తుంటారు, వచ్చినవాళ్లు అడుగుతుంటారు.

ఒకరోజు అమ్మకం లైవ్‌లో నేను నెమలి కంఠం రంగు చీర విప్పి చూపిస్తున్నాను. మామయ్య పక్కనుంచి వచ్చి కొంగు చేతిలోకి తీసుకున్నారు. "ఈడ పోగు తెగింది, అతుకేసిన. చూపెట్టు" అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. అందరూ వింటున్నారు. ఆయన చూపించిన చోట వేలు పెట్టి, ఫోన్ దగ్గరికి తీసుకెళ్లి, ఆవగింజంత ముడిని చూపించాను. ఆ రోజు ఆ చీర పోలేదు. తర్వాతి వారం కూడా పోలేదు. దసరాకు అత్తమ్మ దాన్ని నాకు పెట్టింది.

ఆ చీర కట్టుకునే చాలా ఆదివారాలు లైవ్‌కు కూర్చుంటాను. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, నువ్వు కట్టుకున్నదాని నంబరు ఎంత?" ఇది అమ్మకానికి లేదు, ఇదే డిజైన్ కొత్త వార్పు మగ్గం మీద ఉంది అని చెప్పి, కొంగు ముందుకు తెచ్చి ఆ ముడి చూపిస్తాను.